మోటరోలాను గూగుల్ ఎందుకు కొంది, ఎందుకు అమ్మింది

గుంటూరులో ఎంబీఏ చదువుతున్న ఒకమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. గూగుల్ 1250 కోట్ల డాలర్లకు మోటరోలాను కొని, రెండేళ్లు తిరక్కముందే 291 కోట్ల డాలర్లకు లెనోవోకు అమ్మడానికి ఒప్పుకుంది. మైక్రోసాఫ్ట్ నోకియా ఫోన్ల వ్యాపారం కొని, ఏడాది దాటగానే దాదాపు ఆ డబ్బంతా పోయినట్టే అని పుస్తకాల్లో రాసేసుకుంది. "అంత తెలివైన కంపెనీలు అలా ఎందుకు కొంటాయి, అలా ఎందుకు అమ్ముకుంటాయి అంకుల్?" అని. చివర్లో ఇంకో సంగతి కూడా రాసింది. వాళ్ల నాన్నగారికి బ్రాడీపేటలో చిన్న సెల్‌ఫోన్ షాపు ఉందట. షాపులో ఎక్కువ స్టాకున్న ఒక బ్రాండు చేతులు మారబోతోందని పుకారట. ఏం చేయాలి అని.

అమ్మా, నేను విజయవాడ గవర్నర్‌పేటలో 22 ఏళ్లు హ్యాండ్‌సెట్ల డిస్ట్రిబ్యూషన్ చేసి మానేసినవాణ్ణి. కృష్ణా జిల్లా అంతా తిరిగాను, కొన్నాళ్లు తెనాలి, గుంటూరు వైపు కూడా. పెద్ద చదువులేం లేవు. కానీ ఎక్కడో అమెరికాలోనో ఫిన్లాండులోనో సంతకాలు జరిగితే మూడో నెలకల్లా ఆ సెగ మా గోడౌనుకు తగిలేది. అందుకని ఎవడు దేన్ని ఎందుకు కొన్నాడో తవ్వి చదవడం అలవాటైంది.

బెజవాడలో గాంధీనగర్ అంటే థియేటర్లు, సినిమా డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులు. అక్కడ పాత హాలు ఒకటి చేతులు మారిందని తెలిస్తే "మళ్లీ సినిమాలేస్తారా" అని అడిగేది కుర్రాళ్లే. పెద్దవాళ్లు అడిగేది "సైటు ఎన్ని గజాలు" అని. కొన్నవాడు కుర్చీలు, ప్రొజెక్టరు, తెర అన్నీ పాత సామాను కింద అమ్మేస్తాడు. ఆ కుర్చీల రేటు చూసి "కోట్లు పోసి కొన్న హాలును లక్షలకు వదిలేసుకున్నాడు పాపం" అని ఎవరూ అనరు. మోటరోలా విషయంలో మాత్రం చాలామంది అదే అన్నారు. 1250 పెట్టి కొన్నాడు, 291కి అమ్మాడు, 959 కోట్లు గోవిందా అని. అమ్మింది కుర్చీలమ్మా. సైటు గూగుల్ దగ్గరే ఉండిపోయింది.

ఆ సైటు ఏమిటో తెలియాలంటే 2011కి వెళ్లాలి. ఫోన్లను నడిపే సాఫ్ట్‌వేర్ ఆండ్రాయిడ్‌ను గూగుల్ ఊరికే ఇస్తుంది. ఊరికే వస్తోంది కాబట్టే శాంసంగ్, హెచ్‌టీసీ, సోనీ, మోటరోలా అందరూ ఎక్కించుకున్నారు. అయితే 2010 నుంచి యాపిల్, మైక్రోసాఫ్ట్ ఆ ఫోన్లు చేసేవాళ్ల వెంటపడ్డాయి. "ఇందులో మా పేటెంట్లు వాడారు, కట్టండి" అని. పేటెంటు అంటే ఒక ఆవిష్కరణ మీద కంపెనీకున్న హక్కు కాగితం. హెచ్‌టీసీ 2010లోనే మైక్రోసాఫ్ట్‌కు రాయల్టీ కట్టడానికి ఒప్పుకుంది, 2011 సెప్టెంబరుకు శాంసంగ్ కూడా ఒప్పుకుంది. అంటే ఊరికే ఇచ్చిన సరుకు మీద పక్కవాడు పన్ను వసూలు చేస్తున్నాడన్నమాట. గూగుల్ 1998లో పుట్టిన కంపెనీ. సెల్‌ఫోన్ల విషయంలో తిరిగి దావా వేయడానికి దాని చేతిలో పెద్దగా కాగితాలేం లేవు. పేటెంటు గొడవల్లో నీ దగ్గరా నాలుగు కాగితాలుంటేనే ఎదుటివాడు రాజీకొస్తాడు. లేకపోతే కట్టు అంటాడు, అంతే.

సరిగ్గా అప్పుడే దివాలా తీసిన కెనడా కంపెనీ నార్టెల్ తన 6,000 పేటెంట్లను వేలం వేసింది. ఆ పాటలో గూగుల్ చెప్పిన అంకెలు వింతవి. ఒక దశలో 314.159 కోట్ల డాలర్లు అందని రాయిటర్స్ రాసింది. గణితంలో 'పై' విలువ 3.14159 అంకెలే అవి! మిర్చి యార్డులో ఎవడైనా అలా పాట పాడితే కమీషన్ వ్యాపారి "ఏమయ్యా, పొద్దున్నే తాగొచ్చావా" అంటాడు. చివరికి యాపిల్, మైక్రోసాఫ్ట్, బ్లాక్‌బెర్రీ వాళ్లు, సోనీ, ఎరిక్‌సన్, ఈఎంసీ కలిసి 450 కోట్ల డాలర్లకు పాట కొట్టేశారు. గూగుల్ ఒట్టి చేతులతో బయటికొచ్చింది. ఆరు వారాలకే, 2011 ఆగస్టు 15న, మోటరోలా ఫోన్ల కంపెనీ మోటరోలా మొబిలిటీని కొంటున్నామని ప్రకటించింది. షేరుకు 40 డాలర్లు, అప్పటి మార్కెట్ ధర మీద 63 శాతం ఎక్కువ. ఆ తొందర చూస్తేనే కొంటున్నది ఫోన్లు చేయడానికి కాదేమో అని అనుమానం రావాలి.

మోటరోలాయే ఎందుకంటే, సెల్‌ఫోన్ పుట్టింది ఆ ఇంట్లోనే. 1973 ఏప్రిల్ 3న న్యూయార్క్ వీధిలో నిలబడి చేతిఫోనుతో మొదటి కాల్ చేసిన మార్టిన్ కూపర్ మోటరోలా ఇంజినీరు. 1983లో వచ్చిన వాళ్ల డైనాటాక్ ఖరీదు 3,995 డాలర్లు. ముప్పై, నలభై ఏళ్ల రేడియో పని అంతా పేటెంట్లుగా బీరువాల్లో ఉంది. 17,000 మంజూరైనవి, ఇంకో 7,500 దరఖాస్తుల్లో ఉన్నవి. వ్యాపారం మాత్రం చితికిపోయింది. కార్ల్ ఐకాన్ అనే పెద్ద వాటాదారు "ఫోన్ల సంగతి సరే, ముందు ఆ పేటెంట్లను సొమ్ము చేయండి" అని అప్పటికే పోరుతున్నాడు. సైటు విలువ తెలిసిన వాటాదారు అతను.

ఇప్పుడు లెక్క. 2012 మే నెలలో కొనుగోలు పూర్తయ్యాక గూగుల్ తన వార్షిక నివేదికలో ఆ డబ్బును ఇలా పంచి చూపించింది. మొత్తం ఇచ్చింది 1240 కోట్ల డాలర్లు. అందులో పేటెంట్లు, టెక్నాలజీ 550 కోట్లు. మోటరోలా గల్లాపెట్టెలో ఉన్న నగదు 290 కోట్లు. గుడ్‌విల్, అంటే ఫలానా ఆస్తికని చూపలేని అదనపు ధర, 260 కోట్లు. ఖాతాదారులతో సంబంధాలు 73 కోట్లు. మిగతా ఆస్తులన్నీ నికరంగా 67 కోట్లు. ఒకసారి ఆ ఆఖరి అంకె చూడమ్మా. ఫ్యాక్టరీలు, యంత్రాలు, స్టాకు అన్నీ కలిపి, అప్పులు, బాకీలు పోను 67 కోట్లు! కొన్న రోజునే గూగుల్ కాగితం మీద రాసి చూపించింది, ఈ కొనుగోలులో ఏది సైటో ఏది కుర్చీలో.

నగదు 290 ఎలాగూ చేతికొచ్చింది. మోటరోలాకు కేబుల్ టీవీ సెట్‌టాప్ బాక్సుల వ్యాపారం ఉండేది, దాన్ని ఆరిస్ అనే కంపెనీకి 235 కోట్లకు అమ్మేశారు. ఫోన్ల వ్యాపారం లెనోవోకు 291. కూడి చూసుకుంటే గూగుల్ చేతి నుంచి పోయింది సుమారు 424 కోట్లు. లెనోవోతో వెళ్లిన పేటెంట్లు 2,000 దాకానే. మిగతావన్నీ గూగుల్ దగ్గరే ఉండిపోయాయి. ఒక్కో పేటెంటుకు పడింది 2.8 లక్షల డాలర్లనుకో. నార్టెల్ పాటలో ఒక్కోటి 7.5 లక్షలు పలికింది. అయితే నడిపిన కాలంలో మోటరోలా తెచ్చిన నష్టాలు కూడా కలపాలి, అవి చిన్నవి కావు. 2013 చివరి మూడు నెలల్లోనే 38.4 కోట్ల డాలర్లు. అవన్నీ కలిపితే నార్టెల్‌తో తేడా బాగా తగ్గిపోతుంది. గూగుల్ అద్భుతమైన బేరం చేసిందని గొప్పలు పోయేవాళ్లు ఈ నష్టాల సంగతి ఎత్తరు. నిండా మునిగిపోయిందనేవాళ్లు 290, 235ల సంగతి ఎత్తరు.

లెనోవో ఆ 291 ఎలా ఇచ్చిందో కూడా వినాలి. నగదు 66 కోట్లు, తన కంపెనీ షేర్లు 75 కోట్ల విలువైనవి, మిగిలిన 150 కోట్లకు మూడేళ్ల గడువుతో ప్రామిసరీ నోటు. మన తెనాలిలోనో రేపల్లెలోనో ఎకరం కొన్నవాడు రాసిచ్చే ప్రోనోటే. అంకెల్లోనే తేడా.

మరి సైటు కోసమే కొంటే, కుర్చీలు ఆ నెలలోనే అమ్మేయక దాదాపు రెండేళ్లు ఎందుకు నడిపారు? నడుపుదామనే ఆశ కొంత నిజంగానే ఉంది. ఇంజినీర్లను పెట్టారు, మోటో ఎక్స్ తీశారు, అమెరికాలోనే చేస్తామని టెక్సాస్‌లో ఫ్యాక్టరీ పెట్టించారు. మోటో జి 2014 ఫిబ్రవరిలో మన దేశంలోకి 12,499 రూపాయలకు వచ్చింది, అదీ ఫ్లిప్‌కార్ట్‌లో మాత్రమే. బీసెంట్ రోడ్డులో షాపుకొచ్చిన కుర్రాడు కౌంటర్ మీద మోచేతులు ఆనించి, ఇంకో కంపెనీ ఫోను చేతిలో పట్టుకుని "ఇదే రేటుకు మోటో జిలో దీనికన్నా ఎక్కువ వస్తోంది కదన్నా" అనేవాడు. మంచి ఫోను. కాదనను.

కానీ ఫోను బాగుండడమే గూగుల్‌కు తలనొప్పి. దీనికి మళ్లీ గాంధీనగరే. ఒక డిస్ట్రిబ్యూటరు ఊళ్లో హాళ్లన్నిటికీ సినిమాలిస్తుంటాడు. ఒకరోజు ఒక హాలు తనే కొంటాడు. మర్నాటి నుంచి మిగతా హాళ్లవాళ్లకు నిద్ర పట్టదు. పండక్కి పెద్ద సినిమా ముందు తన హాలుకే వేసుకుంటాడేమో, మనకు పాత ప్రింటు అంటగడతాడేమో అని. గూగుల్ ఎంత ఒట్టేసినా శాంసంగ్‌కు ఆ అనుమానం పోదు. అప్పట్లో ఆండ్రాయిడ్ ఫోన్లలో సింహభాగం అమ్మేది శాంసంగ్. అది అలిగి సొంత సాఫ్ట్‌వేర్ పట్టుకుని వెళ్లిపోతే గూగుల్‌కు పోయేది మోటరోలా నష్టం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఇప్పుడు రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూడమ్మా. 2014 జనవరి 27న గూగుల్, శాంసంగ్ ఒకరి పేటెంట్లు ఒకరు వాడుకునేలా పదేళ్ల ఒప్పందం ప్రకటించాయి. జనవరి 29న మోటరోలాను లెనోవోకు అమ్ముతున్నామని గూగుల్ ప్రకటించింది. రెండు రోజుల తేడా. ఒకదానికొకటి సంబంధం ఉందని వాళ్లు చెప్పలేదు, నేనూ రుజువు చేయలేను. వ్యాపారం చేసినవాడికి మాత్రం ఆ రెండు రోజులు చాలు.

సైటు విషయంలోనూ ఒక చేదు ఉంది, దాచకూడదు. కొన్న పేటెంట్లలో కొన్ని వైఫై, వీడియో లాంటి ప్రమాణాల్లో, అంటే అన్ని కంపెనీలూ పాటించాల్సిన ఉమ్మడి సాంకేతిక పద్ధతుల్లో, కలిసిపోయినవి. ఇది ఎలాంటిదంటే, మీ చేలోంచి ఊరికి బాట వదులుతానని, న్యాయమైన రుసుమే తీసుకుంటానని పంచాయతీలో ఎప్పుడో ఒప్పుకున్నారనుకోండి. రేపు ఎవరితోనో గొడవొచ్చిందని బాటకు కంప వేస్తానంటే కుదరదు. మోటరోలా అదే చేయబోయింది. మైక్రోసాఫ్ట్ ఏటా 400 కోట్ల డాలర్లకు పైగా కట్టాలనే లెక్క పెట్టింది. 2013 ఏప్రిల్‌లో సియాటిల్‌లో జడ్జి జేమ్స్ రోబార్ట్ వైఫై, వీడియో పేటెంట్లను ఒక్కో రకం లెక్కగట్టి, న్యాయమైన రుసుము ఏటా 18 లక్షల డాలర్ల చిల్లర అని తేల్చారు. 400 కోట్లెక్కడ, 18 లక్షలెక్కడ! పేటెంట్లకు అంత పెట్టడం దండగ అనేవాళ్లకు ఇదే ఆయుధం. నా లెక్క వేరు. అవి కొన్నది వసూలు చేయడానికి కాదు, ఇంటి ముందు కుక్కను కట్టేసినట్టు. కరవకపోయినా ఉండాలి. ఆ కుక్కకు అంత ధర పెట్టారు చూడండి, అది మాత్రం నార్టెల్ పాట ఓడిపోయిన కంగారులో పెట్టిన ధర.

నోకియా కథ దీనికి పూర్తిగా తలకిందులు. అది రాయాలంటే నాకు ఇప్పటికీ కొంచెం మనసు చివుక్కుమంటుంది. మా వ్యాపారం నిలబడిందే 1100 మోడల్ మీద. 2003లో వచ్చింది. ఉయ్యూరు నుంచి వచ్చిన ఒక రైతు ఫోను చేతిలోకి తీసుకుని మాట్లాడి చూడలేదు, నంబరు నొక్కలేదు. షట్టరు సగం దించమన్నాడు. చీకట్లో టార్చి వేసి గోడ మీద వెలుగు చూసుకుని "సరే, ఇవ్వండి" అన్నాడు. రాత్రి కరెంటొచ్చినప్పుడు మోటారు వేయడానికి చేలోకి వెళ్లాలి కదా. ప్రపంచమంతా కలిపి 25 కోట్ల ఫోన్లు అమ్ముడైన మోడల్ అది.

టచ్ ఫోన్లు వచ్చాక నోకియా వెనకబడింది. మైక్రోసాఫ్ట్ నుంచి వచ్చిన స్టీఫెన్ ఎలాప్ దాని సారథి అయ్యాక 2011 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ వాళ్ల ఫోన్ సాఫ్ట్‌వేర్ విండోస్ ఫోనుకే కట్టుబడుతున్నామన్నారు. అందుకు మైక్రోసాఫ్ట్ మూడు నెలలకోసారి 25 కోట్ల డాలర్లు నోకియాకు ఇస్తూ వచ్చింది. అయినా నష్టాలే. రెండేళ్లు గడిచేసరికి విండోస్ ఫోన్లు అమ్మేది ఇంచుమించు నోకియా ఒక్కటే. మైక్రోసాఫ్ట్ సినిమా ఆడుతున్న హాలు ఊరికంతా అదొక్కటే. ఆ హాలు మూతపడినా, ఆండ్రాయిడ్ సినిమా వేసుకున్నా మైక్రోసాఫ్ట్ పెట్టె ఇంటికి తెచ్చుకోవాల్సిందే. ఊరికే బెదురు కాదది, 2014 ఫిబ్రవరిలో నోకియా నిజంగానే ఆండ్రాయిడ్ మీద నడిచే ఫోన్లు విడుదల చేసింది. 2013 సెప్టెంబరులో కొనడానికి ఒప్పందం చేసుకోవడం వెనక ఆశ కన్నా భయమే ఎక్కువని నా అభిప్రాయం.

ధర 544 కోట్ల యూరోలు. అందులో 379 ఫోన్ల వ్యాపారానికి, 165 పేటెంట్లకు. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆ 165 కోట్లు పేటెంట్లు కొనడానికి ఇచ్చినవి కావు, పదేళ్లు వాడుకోవడానికి ఇచ్చినవి. పేటెంట్ల యాజమాన్యం నోకియా దగ్గరే ఉంది. నెట్‌వర్క్ పరికరాల వ్యాపారమూ దాని దగ్గరే ఉంది. నోకియా సైటు తన పేరునే ఉంచుకుని, కుర్చీలు అమ్మి, పైగా సైటు మీద లీజు డబ్బులు కూడా తీసుకుంది. కొన్నవాడికి మిగిలింది కుర్చీలు, వాటితో పాటు పాతిక వేల మంది ఉద్యోగులు. నేనైతే ఈ రెండు బేరాల్లో అసలు తెలివైనవాళ్లు ఫిన్లాండువాళ్లే అంటాను.

ఈ కొనుగోలు ప్రతిపాదన వచ్చినప్పుడు, ఇంకా సీఈఓ కాకముందు, తాను వద్దని ఓటేశానని సత్య నాదెళ్ల తర్వాత తన పుస్తకంలో రాసుకున్నారు. 2014 ఏప్రిల్‌లో బేరం పూర్తయ్యేసరికి ఆ కుర్చీలో ఆయనే ఉన్నారు. వద్దన్న పెళ్లికి తనే పెద్దరికం వహించాల్సొచ్చింది. 2015 జూలైలో 760 కోట్ల డాలర్లు రద్దు పద్దు రాశారు. మొత్తం బేరం డాలర్లలో 720 కోట్ల దాకా, రద్దు చేసింది అంతకన్నా ఎక్కువ. మామూలు బటన్ ఫోన్ల వ్యాపారాన్ని 2016లో ఫాక్స్‌కాన్ వాళ్లకు, ఫిన్లాండులోనే కొత్తగా పెట్టిన హెచ్‌ఎండీకి కలిపి 35 కోట్ల డాలర్లకు ఇచ్చేశారు.

మైక్రోసాఫ్ట్ చేతికొచ్చిన వాటిలో చెన్నై దగ్గర శ్రీపెరంబుదూరులోని నోకియా ఫ్యాక్టరీ లేదు. పన్నుల వివాదంలో దాని ఆస్తులు చిక్కుకోవడంతో బదిలీ కుదరలేదు. నోకియా చేతిలోనే మిగిలి, మైక్రోసాఫ్ట్ ఆర్డర్లు ఆపేశాక 2014 నవంబరు 1న మూతపడింది. ఒకప్పుడు మా గోడౌనుకొచ్చే అట్టపెట్టెల మీద ఆ ఊరి పేరే ఉండేది.

మిగతావి త్వరగా చెబుతాను, ఒక్కోదాంట్లో కొన్న వస్తువు వేరు. 2017లో గూగుల్ మళ్లీ ఫోన్ల వైపు వచ్చి హెచ్‌టీసీకి 110 కోట్ల డాలర్లిచ్చింది. ఈసారి కంపెనీ జోలికి, బ్రాండు జోలికి పోలేదు. పిక్సెల్ ఫోన్ల మీద పనిచేస్తున్న 2,000 మంది మనుషులను తీసుకుంది, పేటెంట్లు వాడుకునే హక్కు తీసుకుంది, అంతే. మోటరోలాలో నేర్చుకున్న పాఠానికి ఫీజు అప్పటికే కట్టేసి ఉంది కదా. హెచ్‌పీ 2010లో పామ్ అనే ఫోన్ల కంపెనీని 120 కోట్ల డాలర్లకు కొన్నది దాని సాఫ్ట్‌వేర్ కోసం. దానితో చేసిన టాబ్లెట్‌ను విడుదలైన ఏడు వారాలకే ఆపేసింది. ఆ సాఫ్ట్‌వేర్ 2013లో ఎల్‌జీకి వెళ్లింది. మీ ఇంట్లో ఎల్‌జీ స్మార్ట్ టీవీ ఉంటే, తెర మీద వెబ్‌ఓఎస్ అని కనిపించేది ఆ పామ్ ఫోన్ల మిగులే. 2005లో సీమెన్స్ అయితే తన ఫోన్ల వ్యాపారం తీసుకెళ్లమని తైవాన్ కంపెనీ బెన్‌క్యూకు తనే పాతిక కోట్ల యూరోల దాకా ఎదురిచ్చింది. కన్యాశుల్కం కాదు, వరకట్నం! ఆ కాపురం కూడా నిలవలేదు, 2006 సెప్టెంబరుకే జర్మనీలో దివాలా పిటిషన్ పడింది.

నాకు ముచ్చటేసింది మాత్రం హానర్ బేరం. 2020లో అమెరికా ఆంక్షలతో హువావేకు చిప్పులు దొరకడం కష్టమైంది. హానర్ బ్రాండు తన దగ్గరే ఉంటే తనతో పాటే ఎండిపోతుందని నవంబరులో అమ్మేసింది. కొన్నదెవరు? హానర్ ఫోన్లు అమ్మే 30కి పైగా డీలర్లు, ఏజెంట్లు షెన్‌జెన్ ప్రభుత్వ సంస్థతో కలిసి పెట్టిన కంపెనీ. తాము అమ్మే బ్రాండును డీలర్లే కొనుక్కోవడం! మా గవర్నర్‌పేట డీలర్లం ఏ మీటింగులో కలిసినా టీ బిల్లు ఎవరివ్వాలన్న దగ్గరే తేలేది కాదు.

ఇక అసలు ఫ్యాక్టరీ కొంటే ఎంతవుతుంది? 2023 అక్టోబరులో టాటా ఎలక్ట్రానిక్స్ కర్ణాటక కోలారు జిల్లాలోని నరసాపురలో విస్ట్రాన్ ఫ్యాక్టరీని కొనడానికి ఒప్పందం చేసుకుంది. ఐఫోన్లు తయారయ్యే ఫ్యాక్టరీ, వేల మంది పనిచేసేది. ధర 12.5 కోట్ల డాలర్లు. గూగుల్ మోటరోలాకు చెప్పిన ధర 1250 కోట్లు. సరిగ్గా వందో వంతు! మీ ప్రాజెక్టులో ఈ రెండు అంకెలు ఒకే పేజీలో పెట్టండి, మీ మేడం ఇంకేమీ అడగరు. 2015లో మన శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ షావోమీ ఫోన్లు బిగించడం మొదలుపెట్టినప్పుడు "ఆంధ్రా ఫోన్" అని సంబరపడ్డాం, మంచిదే, ఉద్యోగాలొచ్చాయి. కానీ ఫోను బిగించే పని, ఫోను పేరు, ఫోనులోని కాగితాలు మూడూ మూడు వేర్వేరు వ్యాపారాలు. వాటిలో బిగించే పనికే అన్నిటికన్నా తక్కువ ధర.

నాన్నగారి సంగతికొస్తే, నా అనుభవం ఒకటి చెప్పాలి. ఒక బ్రాండు, పేరు వద్దులెండి, మా దగ్గర మూడేళ్లు బాగా ఆడింది. ఒక మార్చిలో ఏరియా మేనేజర్ వచ్చి టార్గెట్ కోసం మామూలుకు రెట్టింపు స్టాకు దింపించాడు. "స్కీమ్ క్లెయిములు ఏప్రిల్లో క్రెడిట్ నోట్ వేయిస్తాను సార్, నాదీ పూచీ" అన్నాడు. అంటే కంపెనీ ఇస్తానన్న రాయితీలను మా ఖాతాలో జమ రాయిస్తానని. జూన్‌లో కంపెనీ చేతులు మారింది. మాకు రావాల్సిన స్కీములు, ప్రైస్ డ్రాప్ (రేటు తగ్గించినప్పుడు పాత స్టాకుకు ఇచ్చే భర్తీ) డబ్బులు కలిపి 4,18,000 రూపాయలు. కొత్త యాజమాన్యం మనిషి వచ్చి మా ఆఫీసులో కూర్చుని, బాదం పాలు తాగి, చాలా మర్యాదగా ఒక మాట చెప్పాడు. "మేం కొన్నది బ్రాండు, స్టాకు, సర్వీసు సెంటర్లు సార్. పాత కంపెనీని కొనలేదు. దాని బాకీలు దానివే." షేర్లు కొంటే అప్పులు కూడా వెంటొస్తాయి, ఏరుకుని ఆస్తులు మాత్రమే కొంటే ఒప్పందంలో రాసుకున్న అప్పులే వస్తాయి. ఈ తేడా నాకు తెలియడానికి నాలుగు లక్షల పద్దెనిమిది వేలు ఖర్చయింది. పూచీ పడ్డ మేనేజర్ ఫోను స్విచ్ఛాఫ్.

కాబట్టి మొదట తెలుసుకోవాల్సింది, ఆ పుకారులో ఎవరు దేన్ని కొంటున్నారని. బ్రాండు పేరుతో సహా కొంటుంటే వారంటీ గురించి పెద్దగా భయపడక్కర్లేదు, కొన్నవాడు ఆ పేరు చెడగొట్టుకోడు. మోటరోలా పేరు ఇన్ని చేతులు మారినా ఇప్పటికీ షాపుల్లో ఉంది చూడండి. ఇంజినీర్లనో పేటెంట్లనో మాత్రమే తీసుకుని ఫోన్లు ఆపేసేలా ఉంటే స్టాకు తగ్గించుకోవడమే పని. అలాంటప్పుడు స్పేర్లు ముందు మాయమవుతాయి, డిస్‌ప్లే దొరకని ఫోను పట్టుకుని కస్టమరు వచ్చేది సర్వీసు సెంటరుకు కాదు, నాన్నగారి కౌంటరుకే.

ఈలోపు నాన్నగారిని డిస్ట్రిబ్యూటర్ లెడ్జర్ ఒకటి తెప్పించుకోమనండి. నోటిమాట మీద ఉన్న స్కీములన్నీ అందులోకి క్రెడిట్ నోట్లుగా ఎక్కేదాకా కొత్త బిల్లు కొట్టించుకోవద్దనండి. నెలాఖరులో "ఈ ఒక్క లోడూ తీసుకోండి, మళ్లీ ఈ రేటు రాదు" అంటారు, తీసుకోవద్దు. షాపులో ఉన్న ప్రతి సీల్డ్ బాక్సు ఐఎమ్‌ఈఐ నంబరు, అంటే ఒక్కో ఫోనుకు విడిగా ఉండే గుర్తింపు సంఖ్య, ఒక షీటులో రాయించండి, ఈ పని మీరే చేయవచ్చు, ఆదివారం మధ్యాహ్నం సరిపోతుంది. రేటు తగ్గిస్తే నష్టం భర్తీ చేసేది ఇంకా యాక్టివేట్ కాని ఐఎమ్‌ఈఐలకే, ఆ జాబితా మన దగ్గర తేదీతో సహా ఉండాలి. దాన్ని డిస్ట్రిబ్యూటర్‌కు వాట్సాప్‌లో కాకుండా మెయిల్‌లో పంపండి. పుకారు విని సగం ధరకు మాత్రం వదిలించుకోవద్దు. మా పక్క షాపాయన అలా చేస్తే, ఆ సరుకంతా ఏలూరు రోడ్డులో ఇంకొకాయన కొని, నెల తిరక్కుండా పూర్తి రేటుకు అమ్ముకున్నాడు.